కొక్కేనికి తిరిగెక్కని తాళం

"ఎక్కడికీ?" అని అడిగింది అత్తగారు, మంచం మీద నుంచి తల ఎత్తకుండానే.

తలుపు వెనక కొక్కేనికి వేలాడే కారు తాళం గలగలమంటే చాలు, ఆ ఇంట్లో ఈ మాట పుట్టుకొస్తుంది. జవాబు చెప్తే వెంటనే "ఎంతసేపూ?" అంటారు. అత్తగారు అడగడం మరిచిపోతే మొగుడు గుర్తుపెట్టుకుని అడుగుతాడు. తొమ్మిదేళ్లుగా ఆ కారు నడిపేది కోడలే. పిల్లల్ని బడిలో దింపేదీ, అత్తగారిని మోకాళ్ల డాక్టరు దగ్గరికి తీసుకెళ్లేదీ, కారు కడిగేదీ, చక్రాలకు గాలి కొట్టించేదీ, మెకానిక్కు చేత చీవాట్లు తినేదీ అన్నీ ఆవిడే. ఆదివారం మాత్రం కారు మొగుడిదైపోతుంది. రెండో తాళం ఎప్పుడూ ఆయన జేబులోనే ఉంటుంది. స్నేహితుల్ని ఎక్కించుకుని వెళ్లిపోతాడు. ఎక్కడికని ఆయన్ను అడిగినవాళ్లు లేరు. "మా అక్కను చూసి ఆర్నెల్లయిందిరా" అని తల్లి గొణిగినా, "వచ్చేవారం చూద్దాంలేమ్మా" అంటూనే గేటు దాటేస్తాడు.

"డ్యూటీకి అత్తయ్యా. నాలుగింటికల్లా వచ్చేస్తా" అంది కోడలు.

ఆసుపత్రి లాండ్రీలో దుప్పట్లు ఆరబెట్టి మడతపెట్టే పని ఆవిడది. అక్కడ అందరూ ఆవిణ్ణి కారక్క అంటారు. మధ్యాహ్నం టీ వేళ కారక్క తన సంచీ కోసం బట్టలు మార్చుకునే గదిలోకి వెళ్లింది. సంచీ జిప్పు నోరు తెరుచుకుని ఉంది. దువ్వెన ఉంది, అన్నం డబ్బా ఉంది. కారు తాళం లేదు.

ఒళ్లంతా చల్లబడిపోయింది. తాళం పోయిందని కాదు, తాళానికి ఉన్న బిళ్ల గుర్తొచ్చి. చేతి వెడల్పున్న ప్లాస్టిక్ బిళ్ల అది. కారు నంబరూ, ఇంటి నంబరూ, వీధి పేరూ మొగుడు ముత్యాల్లాంటి అక్షరాలతో రాసి, కింద "దొరికినవారు దయచేసి అందజేయగలరు" అని కూడా చేర్చాడు. చుట్టాలందరి ముందూ దాన్ని ఎత్తి చూపించి నవ్వేవాడు. "దీనికి తలకాయ మెడకు అతుక్కుని పుట్టింది కాబట్టి సరిపోయింది, లేకపోతే అదీ ఎక్కడో మరిచిపోయి వచ్చేది!" అందరూ నవ్వేవాళ్లు, తనూ నవ్వేది. తొమ్మిదేళ్లలో తను పోగొట్టుకున్నది ఏముంది? ఆయన మూడు గొడుగులు, ఒక ఫోను, పెద్దపిల్ల మార్కుల కాగితం పోగొట్టాడు. ఆయన మెడకు ఎవరైనా బిళ్ల కట్టారా? ఇప్పుడు చూడు, కారేదో ఇల్లేదో వెతుక్కునే కష్టం లేకుండా దొంగకు ఉత్తరం రాసిచ్చినట్టయింది! భయంలోనే కారక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ఒళ్లు వేడెక్కింది.

మొగుడికి ఫోన్ చేసింది. ఆయన పనిమీద పొరుగూరిలో ఉన్నాడు.

"నాకు తెలుసు! ఎప్పుడో ఒకరోజు ఇలా చేస్తావని నాకు తెలుసు! సాయంత్రానికి నేనొస్తా. అంతవరకు నువ్వేం ముట్టుకోకు. కారు పక్కనే నిలబడు."

"దొంగ ముందే వస్తే?"

"గట్టిగా అరిచెయ్."

కారక్క ఫోన్ కట్ చేసి, అరిచింది. మొగుడు చెప్పిన అరుపు కాదది. "అక్కా! ఇస్త్రీ అక్కా! అందరూ పెరట్లోకి రండి!"

ఇస్త్రీ అక్క ఆ లాండ్రీకంతా పెద్దది, మనిషీ పెద్దదే, గొంతూ పెద్దదే. సంగతి విని కొంగు బిగించింది. పెరట్లో కారు వీపు గోడకు ఆనించి ఉంది. "ముందువైపు మూసేస్తే ఎక్కడికి పోతాడు?" అంది. వ్యాను నడిపే అమ్మాయి దుప్పట్ల వ్యానును తెచ్చి కారు మూతికి అడ్డంగా నిలబెట్టింది. మిగతా ఆడవాళ్లు మాసిన బట్టల బళ్లు దొర్లించుకొచ్చి రెండు పక్కలా పేర్చారు. సూపర్వైజరు పోలీసులకు ఫోన్ చేస్తే, వీలు చూసుకుని వస్తామన్నారు. ఇస్త్రీ అక్క బానెట్ ఎక్కి కూర్చుని టీ తెప్పించుకుంది.

టీ సగం తాగారో లేదో, కారు "కుయ్ కుయ్" మంది. నాలుగు దీపాలూ వెలిగి ఆరాయి.

అందరూ బొమ్మల్లా ఆగిపోయారు. గేటు దగ్గర నీలం టోపీవాడొకడు జేబులో చెయ్యి పెట్టుకుని నిలబడి ఉన్నాడు. కారక్క కాళ్లు మాత్రం వెనక్కి కాదు, ముందుకే పడ్డాయి.

"అదిగో, వాడే!"

"రా నాయనా, రా!" అని బానెట్ మీంచే చేతులు చాచింది ఇస్త్రీ అక్క. "మాసిన చొక్కాతో వచ్చావు, లోపలికి రా, నీతో సహా ఇస్త్రీ చేసి పంపిస్తాం!"

వాడు పరుగో పరుగు. టోపీ ఊడి పడిపోయింది, తాళం మాత్రం వాడితోనే పోయింది. పన్నెండుమంది ఆడవాళ్లు ఒకళ్లనొకళ్లు పట్టుకుని, కళ్లల్లో నీళ్లొచ్చేదాకా నవ్వారు.

"తాళం వాడి దగ్గరుంటే ఈ రాత్రికి మీ ఇంటికే వస్తాడే" అంది ఇస్త్రీ అక్క కళ్లు తుడుచుకుంటూ. "మా బావగారికి చేసిపెట్టిన తాళాలాయన ఉన్నాడు, పిలుస్తానుండు."

తాళాలాయన గంటలో వచ్చాడు. తలుపుల తాళాలు మార్చి, స్టీరింగు కింద చిన్న పెట్టె తగిలించి అడిగాడు. "పాత తాళాలను కారు మరిచిపోయేలా చేస్తానమ్మా. మీ ఇంట్లో ఇంకో తాళం ఉందా? ఇప్పుడు ఇక్కడ లేని తాళం ఏదైనా ఇక పనిచేయదు. కావాలంటే మీవారు వచ్చేదాకా ఆగుతాను."

కారక్క గబుక్కున "అలాగే, ఆగండి" అనబోయింది. నోటికి అలవాటైపోయిన మాట. ఈలోగా తాళాలాయన ఆవిడ ఫోన్లో కారు కాగితాలు చూసి, "ఇందులో మీ పేరే ఉందిగా. మీరే చెప్పాలి" అన్నాడు.

తన పేరు. అవును కదా. కొన్ననాడు మొగుడికి నిలకడైన పని లేదు, అందుకని తన పేరున రాయించారు. కారు కడిగినప్పుడల్లా తుడిచింది తన కారునేనన్నమాట! ఎవరి కారనో తుడిచింది ఇన్నాళ్లూ.

"ఆగక్కర్లేదు. చెరిపేయండి. కొత్తవి రెండు చేయండి."

"బిళ్ల తగిలించమంటారా?"

"వద్దు" అంది కారక్క.

సాయంత్రం కారు నడుపుకుంటూ ఇంటికెళ్లింది. మొగుడొచ్చి చీవాట్లు పెట్టాడు. కొత్త తాళం చేయించిందని విని, కారు క్షేమంగానే ఉంది కదా అని చల్లబడి, తన తాళం తన జేబులోనే ఉందన్న ధైర్యంతో మరేమీ అడగలేదు. కొక్కెం వైపు చూడనూ లేదు. అత్తగారు చూసింది. ఖాళీ కొక్కేన్నీ, కోడలి మొహాన్నీ రెండు రోజులు మార్చి మార్చి చూసింది, అంతే.

ఆదివారం వచ్చింది. మొగుడు తలదువ్వుకుని బయటికెళ్లి తాళం నొక్కాడు. కారు ఉలకలేదు, పలకలేదు. మళ్లీ నొక్కాడు, తాళాన్ని విదిలించి నొక్కాడు.

"ఏమేవ్! బ్యాటరీ పోయినట్టుంది, చూడు!"

"బ్యాటరీ బాగానే ఉంది" అని కారక్క గుమ్మంలోకి వచ్చింది. విషయమంతా చెప్పింది, గొంతు పెంచకుండా. చేతిలో కొత్త తాళం ఉంది, బిళ్ల లేకుండా తేలిగ్గా.

ఆయన మొహం ఎర్రబడింది. గేటవతల స్నేహితులు ఎదురుచూస్తున్నారు. వాళ్లవైపోసారి చూసి చెయ్యి చాచాడు.

"సర్లే. తాళం ఇటివ్వు."

కారక్క ఇవ్వలేదు. తాళాన్ని అరచేతిలో ఒకసారి ఎగరేసి పట్టుకుంది.

"ఎక్కడికీ?" అంది.

లోపల మంచం కిర్రుమంది. అత్తగారు లేచి కూర్చుని చెప్పులు వెతుక్కుంటోంది.

"వాడి సంగతి తర్వాతే అమ్మాయ్" అంది. "ముందు నన్ను మా అక్క దగ్గరికి తీసుకుపో. ఎంతసేపని మాత్రం అడక్కు."