ఒకేసారి పది

మాకు పెళ్లయి రెండు నెలలు కాలేదు. గుణదలలో అద్దెకు తీసుకున్న రెండు గదుల వాటాలో వంటగట్టే మా ఆఫీసు. ఒక పక్క పప్పు ఉడుకుతుంటే ఇంకో పక్క ల్యాప్‌టాప్ ఉండేది. మణికుమార్ గరిటె తిప్పుతూ చెబుతుంటే నేను టైపు చేసేదాన్ని. ఇంత చిన్న చోట ఇంత సంతోషం ఎలా పడుతోందా అని రోజూ ఆశ్చర్యపోయేదాన్ని.

మణి వాళ్లది కైకలూరు దగ్గర చేపల చెరువుల ఊరు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గితే చెరువులోని మీటరు కనిపెట్టి కబురు పంపుతుంది. ఆ కబురందుకుని రైతుకు ఫోన్ చేసే ప్రోగ్రాం మేమిద్దరం రాశాం. ఫోన్ రాగానే రైతు లేచి ఏరేటర్లు వేస్తే, అవి నీళ్లను చిలికి గాలి కలుపుతాయి, చేపలు బతుకుతాయి. ఆలస్యమైతే తెల్లారేసరికి చెరువంతా పోతుంది.

ఆ ప్రోగ్రాంను ఏ కంపెనీ క్లౌడ్‌లో, అంటే అద్దె కంప్యూటర్లలో, ఎలా నడపాలన్నదే తేలలేదు.

"ప్రోగ్రాంను కావలసినవన్నిటితో కంటైనర్‌లో సర్దేసి ఒక మిషన్ మీద రోజంతా నడుపుదాం. ఎప్పుడూ మేలుకునే ఉంటుంది," అన్నాడు మణి.

"ఎవరూ పిలవనప్పుడు మేలుకుని ఏం చేస్తుందండీ? మీలాగా ఫ్రిజ్ తెరిచి తెరిచి చూస్తుందా? సర్వర్‌లెస్ అయితే పిలిస్తే లేస్తుంది, పని చేసి పడుకుంటుంది. మిషన్ బాగోగులు చూసే పని మనకుండదు."

"అచ్చం నీలాగే. పిలిస్తే తప్ప లేవవు."

చపాతీ కర్ర చూపించాను. నా మాటే నెగ్గింది.

కొత్త ఖాతా కాబట్టి ఆ క్లౌడ్ కంపెనీ ఒక హద్దు పెట్టింది. ఒక్కో పిలుపుకు మా ప్రోగ్రాం ఒక్కో కాపీ లేస్తుంది, ఒకేసారి పది కాపీలకు మించి నడవదు. పెంచమని అడగవచ్చు. "ఉన్నవే అరవై చెరువులు. ఒకేసారి పదింటికి మించి ఎందుకు పిలుస్తాయి?" అన్నాను. మణి ముద్ద కలిపి నా నోట్లో పెట్టాడు. ఆ సంగతి అక్కడితో ముగిసింది.

రైతుకు వినిపించే మాట నా గొంతుతోనే రికార్డు చేశాం. "చెరువులో ఆక్సిజన్ తగ్గుతోందండీ, త్వరగా ఏరేటర్లు వేయండి." ఎన్నిసార్లు చెప్పినా నవ్వొచ్చేది. చివరికి ఉంచుకున్నదాంట్లో కూడా ఆఖర్న చిన్న నవ్వుంది. అది తీసేయడానికి మణి ఒప్పుకోలేదు.

శ్రావణంలో పెద్దింట్లమ్మ పిన్ని మమ్మల్ని భోజనానికి పిలిచింది. ఆమె మా అత్తగారి చెల్లెలు. బాబాయి పోయాక ఒక చెరువు కౌలుకు తీసుకుని ఒంటిచేత్తో సాగు చేస్తోంది. ఆమెకున్నదల్లా ఆ చెరువే. అందులో బొచ్చె, శీలావతి చేపలు పట్టుబడికి సిద్ధంగా ఉన్నాయి. మూడు రోజులుగా ఎండ లేదు, సన్నని తుంపర. ఆ తడిగాలిలో కొరమీను పులుసు తింటూ, నేను లోకంలోకెల్లా అదృష్టవంతురాలిననుకున్నాను.

"కాపలా ఎల్లారావుని మానిపించేశాన్రా మణీ. మీ ఫోనుంది కదా. మోగుద్దంటావా?" అంది పిన్ని.

"మోగుద్ది పిన్నీ. అదీ నీ కోడలి గొంతుతో."

"అయితే లేవక చస్తానా!" అని నవ్వి, నా పళ్లెంలో ఇంకో ముక్క వేసింది.

ఆ రాత్రి చెరువు పక్కనే ఉన్న ఆమె ఇంట్లో పడుకున్నాం. తెల్లవారుతుండగా పక్షుల గోలకు మెలకువ వచ్చింది. కొంగలు, గద్దలు గుంపులుగా చెరువు మీద తిరుగుతున్నాయి. బయటికి వచ్చేసరికి పిన్ని గట్టు మీద ఉంది. లేచి తనే వేసినట్టుంది, ఏరేటర్లు తిరుగుతున్నాయి. వాటి చుట్టూ నీళ్లు కనిపించడం లేదు. ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా తెల్లటి పొట్టలే.

"ఫోను మోగలేదురా," అంది పిన్ని. "తలకిందే పెట్టుకున్నాను."

మణి మోకాళ్ల లోతు దిగి ఒక బొచ్చెను ఎత్తాడు. చేతుల్లో కదల్లేదు. ఇంకోటి ఎత్తాడు.

నేను అరుగు మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచాను. ఎండ లేకపోతే నీళ్లలో ఆక్సిజన్ పుట్టదు. మబ్బు ఒక్క చెరువు మీద కాదు, ఊళ్లన్నిటి మీదా పట్టింది. చెరువులన్నీ ఇంచుమించు ఒక్కసారే పిలిచాయి. పది కాపీలు లేచి, రైతులు ఫోనెత్తేదాకా ఒక్కో నంబరు పట్టుకుని కూర్చున్నాయి. మిగతా పిలుపులు వెనక్కి వెళ్లి మళ్లీ మళ్లీ వస్తున్నాయి. పిన్ని చెరువుది వాటిలో ఉంది.

అప్పుడు ఆమె బొడ్లో ఫోన్ మోగింది. స్పీకర్‌లో నా గొంతు గట్టంతా వినిపించింది. చివర నవ్వుతో సహా.

"ఆపెయ్ పద్దూ!" అని మణి నీళ్లలోంచి అరిచాడు.

"ఆపితే మిగతావాళ్లకీ ఆగిపోతాయండీ. ఇంకా చాలామందికి వెళ్లలేదు."

పిన్ని ఫోన్ కట్ చేసింది. "ఆపమాకు," అంది నావైపు చూడకుండా. "వాళ్లయ్యి బతికున్నాయేమో." మళ్లీ మోగింది. మళ్లీ కట్ చేసి, గంప తీసుకుని చెరువులోకి దిగింది.

హద్దు పెంచమని కంపెనీకి రాశాను. పరిశీలించి రెండు రోజుల్లో చెబుతామని జవాబొచ్చింది. కంటైనర్‌లోకి మారుద్దామన్నా మీటర్లన్నిటికీ కొత్త చిరునామా ఇవ్వాలి. ఒక్క పూటలో అయ్యే పని కాదు. మధ్యాహ్నానికీ మబ్బు విడవలేదు. ఊళ్లోవాళ్లు గొయ్యి తవ్వి, సున్నం చల్లి, చచ్చిన చేపలను అందులోకి మోస్తున్నారు. మణి చేతులు కడుక్కుని, స్పీకర్ పెట్టి రైతులకు ఒక్కొక్కరికీ ఫోన్ చేయడం మొదలుపెట్టాడు.

మొదట ఎత్తింది పక్క ఊరి సూర్యప్రకాష్. మణిని నోరు తెరవనివ్వలేదు.

"బతికించావు తమ్ముడూ! టయానికి మోగింది. మా బామ్మర్ది చెరువుకీ పెట్టించాలి, ఇవాళే వచ్చెయ్."

గంప మోసుకెళ్తున్న పిన్ని ఒక క్షణం ఆగి, మళ్లీ నడిచింది.

"వద్దన్నా," అన్నాడు మణి. "ఈ రాత్రి దాన్ని నమ్ముకోవద్దు. గట్టు మీద మనిషిని పెట్టుకో."

"అదేంటయ్యా, బానే మోగిందిగా?"

"నీకు మోగింది. మా పిన్నికి మోగలేదు."

అతను మెల్లగా అడిగాడు, "ఎన్ని పోయినయ్యి?"

మణి గొయ్యి వైపు చూశాడు.

"అన్నీ," అన్నాడు. ఫోన్ కట్ చేసి నా చేతికిచ్చాడు. నేను తర్వాతి నంబరు నొక్కాను.