మలాయా ఇచ్చిన హెచ్చరిక కాగితం

ఆపియా అనే దీవి పట్నంలో, ఒక పంపుల కంపెనీలో మలాయా సూపర్‌వైజరు. స్టోర్‌రూమ్ చూసే సోలియై ఆమె కింద ఉద్యోగి. ఊళ్లో మాత్రం ఆయన వాళ్లిద్దరి వంశానికీ పెద్ద. ఆయన కూర్చున్నచోట ఆమె నిలబడి మాట్లాడకూడదు.

ఆ ఏడాది వంశంలో చావులు ఎక్కువయ్యాయి. ప్రతి చావుకీ సోలియై వెళ్లాలి, ఆచారం ప్రకారం చుట్టాలు కానుకగా తెచ్చిన చాపలు అందుకోవాలి, వంశపెద్దగా నాలుగు మాటలు చెప్పాలి. మర్నాడు ఆఫీసుకు పదింటికి వచ్చేవాడు. ఆక్లాండ్ నుంచి వచ్చిన కొత్త మేనేజరు కీత్, హెచ్చరిక కాగితం టైపు చేయించి మలాయా బల్లమీద పెట్టాడు.

"సోమవారం అందరి ముందూ ఇవ్వండి. మిగతావాళ్లకీ తెలిసొస్తుంది."

"అందరి ముందూ అయితే నా వల్ల కాదు సార్. ఇప్పుడే ఇచ్చొస్తాను," అంది మలాయా.

ఎందుకో వివరించే ఓపిక ఆమెకు లేదు. ఆ చావులన్నిటికీ తనూ వెళ్లింది. వడ్డించి, గిన్నెలు కడిగి, మర్నాడు ఎనిమిదింటికల్లా ఆఫీసులో ఉంది.

సోలియై పెట్టెమీద కూర్చుని బోల్టులు ఏరుతున్నాడు. ఆమె చెప్పులు విప్పి, వంగి నడిచి, సిమెంటు నేలమీద కూర్చుంది. రెండు చేతులతో కాగితం అందించింది. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చివరిదాకా చదివాడు.

"సంతకం నీదేనా?"

"నాదే పెదనాన్నా."

"పోయేవాళ్లు మన ఆఫీసు టైము చూసుకుని పోరు కదమ్మా."

మలాయాకు నవ్వు రాలేదు. "మొన్న నేనూ వచ్చాను. ఆఖరి బంతిదాకా వడ్డించాను."

"ఆఖరిదాకా ఉండమని ఎవరన్నారు?"

"మీరే."

ఆయన బోల్టులు పక్కకు జరిపాడు. తర్వాత కాగితాన్ని మోకాలిమీద పెట్టుకుని సంతకం చేశాడు.

"ఎవరు వడ్డిస్తున్నారో నేనెప్పుడూ చూళ్లేదు," అన్నాడు.

రెండు వారాలకు మరో చావు. భోజనాలు మొదలవుతుండగానే సోలియై అందరికీ వినబడేలా చెప్పాడు: "మలాయాకి రేపు ఆఫీసుంది. ఇంటికెళ్తుంది. మిగతావాళ్లు లేచి వడ్డించండి."

"ఆఫీసరమ్మగారు నా చావుకైనా ఉంటారా?" అంది వరసకు పిన్ని అయ్యే ఒకావిడ.

"శుక్రవారం పోతే ఉంటాను పిన్నీ."

ఇంటికొచ్చి, బట్టలైనా మార్చుకోకుండా పడుకుంది.

మర్నాడు సోలియై ఎనిమిదింబావుకి వచ్చాడు, కళ్లు ఎర్రగా. ఆమె గదిముందు ఆగాడు. మలాయా కుర్చీలోంచి లేవబోయింది.

"కూర్చో. పావుగంట ఆలస్యం. రాసుకో."

రాసుకుంది. "మన వంశంలో ఇంకా ఎంతమంది ముసలివాళ్లున్నారు పెదనాన్నా?"

"నాతో కలిపి పదకొండు మంది," అని ఆయన స్టోర్‌రూమ్ తాళాలు తీసుకుని వెళ్లిపోయాడు.