ఇవానిర్ నోరు మెదపని రోజు

ఏడు కొట్టకముందే ఇవానిర్ మాస్కు బిగించుకుని యంత్రం అద్దం ముందు వంగి నిలబడింది. లోపల బూడిదరంగు ఉక్కుపొడి పిండిలా పరుచుకుని ఉంది. ముప్పై గంటల పాటు లేజర్ పొర మీద పొర కరిగించి కట్టిన పంపు చక్రం ఆ పొడి కిందే ఎక్కడో ఉంది.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. పొట్టి, వెడల్పాటి భుజాలు, సరిగా వంగని వేళ్లు. ఎడమ ముంజేతి మీద నాణెమంత కాలిన మచ్చ. పదిహేడో ఏట కషియస్ పట్నంలోని ఒక ఫౌండ్రీలో ఇసుక జల్లించే పనికి చేరింది. అది మూతపడ్డాక, నలభై ఏడో ఏట, తన కూతురి వయసు వాళ్ల పక్కన కూర్చుని లోహాన్ని త్రీడీలో ముద్రించే ఈ విద్య నేర్చుకుంది. పన్నెండేళ్లుగా శిక్షణ కేంద్రం తరఫున, ఈ యంత్రం కొన్న చిన్న కార్ఖానాలకు వెళ్లి నేర్పుతోంది. ఏ వస్తువు మీదా ఆమె పేరుండదు. ఈ కొండల్లో పంతొమ్మిది కార్ఖానాలు మాత్రం ఆమె దగ్గరే ఈ పని నేర్చాయి.

"దోనా, నేను తియ్యనా?" అని అడిగింది జుసారా. అక్కడ పెద్దావిడను అలాగే పిలుస్తారు. మొన్నటిదాకా లేతు మీద పనిచేసిన మనిషి. మూడు నెలలుగా ఇవానిర్ దగ్గర నేర్చుకుంటోంది.

"నన్నడుగుతావేం? యంత్రం నీది."

జుసారా పొడి తీస్తుంటే రెక్కలు ఒక్కొక్కటే బయటపడ్డాయి. మొత్తం ఏడు. దళసరి ఇనుప పలకకు అతుక్కుని ఉంది చక్రం. అంతలో యజమాని దెల్మార్ ఆకు తేనీరు పోసిన సొరబుర్ర చేత్తో పట్టుకుని దూసుకొచ్చాడు.

"డెయిరీ వాళ్లు నాలుగుసార్లు ఫోన్ చేశారు. కోసెయ్ జుసారా, లారీ బయటే ఉంది. సాయంత్రానికి పంపు తిరక్కపోతే ముప్పై వేల లీటర్ల పాలు కాలవ పాలు!"

ఆ పంపు తయారుచేసిన కంపెనీ ఎత్తేసి ఇరవై ఏళ్లయింది. చక్రం ఇక్కణ్నించి వెళ్లాల్సిందే.

జుసారా ఇవానిర్ వైపు చూసింది. మొదటి నెలలో ఇలాగే తొందరపడి ఒకటి కోశారు. లోపలి బిగువు ఒక్కసారిగా వదిలి రెక్కలు మెలికపడ్డాయి. జవాబు ఇవానిర్ నాలుక చివరిదాకా వచ్చింది. తను చెబితే దెల్మార్ వింటాడు. మరి రేపు? చేతులు వెనక్కి కట్టుకుని కిటికీలోంచి బయటికి చూసింది.

"కొయ్యను," అంది జుసారా. "ముందు కొలిమిలో పెట్టి బిగువు వదిలించాలి, దెల్మార్ గారూ. ఇప్పుడు కోస్తే వంకరపోతుంది. మళ్లీ ముప్పై గంటలు. నాలుగింటికి మీ చేతిలో పెడతాను."

"దోనా ఇవానిర్, మీరైనా చెప్పండి!"

"చెప్పాల్సింది ఆవిడ చెప్పిందిగా. నేను చుట్టపుచూపుగా వచ్చినదాన్ని."

"ఒకరితోనే వేగలేక చస్తుంటే ఇద్దరయ్యారు," అని గొణుక్కుంటూ దెల్మార్ డ్రైవర్‌ని బుజ్జగించడానికి వెళ్లాడు. పోసిన ఇనుము అచ్చంతా నిండి పైకి తొంగిచూస్తే ఫౌండ్రీలో గుండె ఎలా పొంగేదో, ఇవానిర్‌కి ఇప్పుడు అలాగే పొంగింది.

మధ్యాహ్నం కొలిమి పక్కన కూర్చుని పొలెంటా అనే మొక్కజొన్న సంకటి, సాసేజ్ తిన్నారు.

"ఇవాళే నా ఆఖరి రోజు," అంది ఇవానిర్, వాతావరణం గురించి చెప్పినట్టు. "రేపట్నుంచి పింఛను."

జుసారా పళ్లెం కింద పెట్టింది. "ఇప్పుడా చెప్పేది? ఏదైనా చెడితే ఎవరికి ఫోన్ చెయ్యను?"

"పక్క ఊరు ఫరోపిల్యాలో ఒకాయన కొత్తగా యంత్రం కొన్నాడు. నేర్పమని ఆయనే నీకు ఫోన్ చేస్తాడు. నీ నంబరిచ్చాను."

మూడున్నరకి రంపం చక్రాన్ని పలక నుంచి వేరుచేసింది. జుసారా రెక్క రెక్కా కొలిచింది. ఎక్కడా గేజీ ముల్లు కదల్లేదు. పసిబిడ్డను చుట్టినట్టు చక్రాన్ని దుప్పట్లో చుట్టి, దెల్మార్‌తో కలిసి లారీ ఎక్కింది. ఇవానిర్ గేటు దాకా వచ్చి చెయ్యి ఊపింది. తర్వాత నేల ఊడ్చి, గిన్నె కడుక్కుని, కోటు తొడుక్కుంది. నాలుగూ నలభై బస్సు వేళకే వచ్చింది.

చీకటిపడే వేళకు పాలవాసన కొడుతున్న బట్టలతో జుసారా గేటు దగ్గర్నుంచే అరిచింది: "దోనా! తిరిగింది! మొదటిసారికే తిరిగింది!"

ఎవరూ పలకలేదు. శుభ్రంగా తుడిచిన బల్ల మీద, ఇవానిర్ పొడి ఊడ్చే కుంచె ఉంది. వంగని వేళ్లకు పట్టు దొరకాలని పిడికి పాతగుడ్డ దళసరిగా చుట్టి ఉంది. పన్నెండేళ్లు ఒకే చేతివాటానికి దాని వెంట్రుకలన్నీ ఎడమవైపుకి అరిగి ఉన్నాయి.