మురాదాబాదు దురద

రాజ్యాలు సింహాసనాల మీద నిలుస్తాయని చరిత్రకారులు రాశారు గాని, రాజు సింహాసనం మీద గోక్కోకుండా కూర్చోగలగాలన్న మూలసూత్రాన్ని వారిలో ఒక్కరూ గ్రంథస్థం చేయలేదు. బేగంబజారులో తాతలనాటి ఇత్తడి సామాన్ల దుకాణానికి అధిపతియైన సోమశేఖర్ ఆ సూత్రాన్ని 1997 ఎండాకాలంలో స్వయంగా కనిపెట్టాడు. తెల్లదుప్పటి పరచిన గద్దె మీద పొద్దంతా కదలక కూర్చోవడం ఆ వంశంలో పురుషలక్షణం. ఆయనకేమో తొడలు గజ్జలతో కలిసేచోట నిప్పు రాజుకుంది.

మొదట చెమటకాయలనుకుని పౌడరు చల్లాడు. చెమటకాయలు కావు. ఎర్రటి మచ్చలు అంచులు కట్టుకుని, సామంతరాజ్యాలను కలుపుకునే చక్రవర్తుల్లా నానాటికీ విస్తరించాయి. బేరం మధ్యలో లేచి, సరుకు చూసివస్తానని గోదాములోకి నడిచి, బిందెల వరుస వెనుక పని ముగించుకుని, గంభీరవదనంతో తిరిగివచ్చేవాడు. సరుకు మీద ఆయనకున్న శ్రద్ధను గిరాకీలు మెచ్చుకున్నారు. చివరకు ఒకనాడు మందుల దుకాణంలో జనం పలచబడేదాకా కాచుకుని, గొంతు తగ్గించి అడిగి, ఒక ట్యూబు తెచ్చుకున్నాడు. రాసినన్నాళ్లు ఎరుపు మాయమయ్యేది. మానగానే బంధుమిత్ర సపరివారంగా తిరిగివచ్చేది.

ఆ ట్యూబు, లాల్చీ ఉతకబోయిన భార్య వాసవాంబ చేతికి చిక్కింది. ఎక్కడిదని అడిగితే, ఎవరో గిరాకీ దుకాణంలో మరిచిపోయాడని చెప్పాడు. వారి కాపురంలో అది ఆయన ఆడిన తొలి అబద్ధం. అనుభవం లేనందున చాలా నాసిగా వచ్చింది. వాసవాంబ ఆలోచించింది. మాఘమాసంలో ఈయన ఇత్తడి సరుకు కోసం ఉత్తరాదిన ఉన్న మురాదాబాదు వెళ్లి లాడ్జిలో దిగాడు. వచ్చిన కొన్నాళ్లకే పక్క వేరు చేసుకున్నాడు. ఇప్పుడు దొంగచాటు మందు. ఇంకేం తేలాలి?

ఆమె లొల్లి పెట్టుకునే మనిషి కాదు. ఈ వైశాఖమంతా అమ్మవారికి తడిబట్టతో పూజ చెయ్యండి, ఎందుకో మీకే ఎరుక అని మాత్రం అంది. ఎందుకో ఆయనకు ఎరుక లేదు. అడిగితే ట్యూబు ప్రస్తావన వస్తుందని తల ఊపాడు. ఆ ఊపును ఆమె నేరాంగీకారంగా తీసుకుంది. ఆమె మౌనాన్ని ఆయన ట్యూబు అబద్ధానికి క్షమగా తీసుకున్నాడు.

ఆనాటినుంచి తెల్లవారకముందే స్నానం, నీళ్లోడుతున్న పంచె, సహస్రనామం పూర్తయ్యేదాకా దాంతోనే ఆసనం. పూజ ముగిశాక ఒళ్లు సరిగా తుడుచుకోకుండానే చెడ్డీ తొడుక్కుని, ఆపైన పంచె కట్టుకుని గద్దె మీదికి పరుగు. ఆ వ్యాధికి అంతకు ముందెన్నడూ అంతటి ఆతిథ్యం దక్కి ఉండదు. నడకలో ఆయన కాళ్ల మధ్య ఎడం పెరుగుతున్నకొద్దీ, దేవత ఊరుకోవడం లేదని వాసవాంబ నిర్ధారించుకుంది. నిర్ధారించుకుని, అలసిపోయింది. ఒక మధ్యాహ్నం ఆయనకు అన్నం వడ్డించి, ఎదురుగా చతికిలబడింది.

"మురాదాబాద్ల ఏం జేసిన్రో నేను అడుగ. చెప్పకున్రి. రేపు గౌలిపుర పోతున్న, మా తల్లిగారింటికి. మల్ల రాను."

కలిపిన ముద్ద కంచంలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ల తడిబట్ట దేనికో సోమశేఖర్‌కు అప్పుడు తెలిసింది. కోపం తెచ్చుకుందామనుకున్నాడు, దానికి కావలసిన ఓపిక గజ్జల్లోనే ఖర్చయిపోయింది.

"డాక్టర్ దగ్గరికి నువ్వు గూడ రా," అన్నాడు. "ఆయన ఏమంటడో నీ చెవులతోని ఇను. నువ్వనుకున్నదే అయితే, ఆటో మాట్లాడి నేనే గౌలిపురల దించొస్త."

చర్మవ్యాధుల వైద్యుడు శ్రీహరిరావు కోస్తా నుంచి వచ్చి ఉస్మాన్‌గంజ్‌లో స్థిరపడిన మనిషి. నగరంలోని సిగ్గంతా తన బల్ల మీదికే చేరుతుందన్నంత విసుగు ఆయన ముఖంలో ఉండేది. వాసవాంబ బయట కూర్చోనంది. తెర ఇవతల కుర్చీలో, తీర్పు చెప్పవలసినదానిలా నిటారుగా కూర్చుంది. తెర అవతల టార్చిలైటు వెలిగింది.

అది తామర అని వైద్యుడు చెప్పాడు. చెమటలో, తడిలో పెరిగే బూజులాంటిది. ఆ ట్యూబులోని ఘాటుమందు ఎరుపును నిద్రపుచ్చి, లోపల రోగాన్ని మేపిందట. అది పారేసి, తాను రాసే లేపనం మచ్చ అంచు దాటేలా రెండుపూటలా రాయాలి. కనపడకుండా పోయాక కూడా కొన్నాళ్లు మానకూడదు. ఒళ్లు పూర్తిగా ఆరాకే బట్ట కట్టాలి, చెడ్డీ వదులుగా ఉండాలి, తువ్వాలు వేరు పెట్టుకోవాలి. తడిపంచె సంగతి విని, మందుచీటీ మీద 'ఆరాకే' అన్న మాట కింద రెండు గీతలు గీశాడు.

తెర ఇవతలినుంచి వాసవాంబ అడిగింది. "డాక్టర్ సాబ్, గిది బయట తిరిగినోళ్లకు వస్తదా?"

"ఇల్లు కదలనివాళ్లకీ వస్తుందమ్మా."

"మరి గీయనకు ఏడికెల్లి వచ్చింది?"

శ్రీహరిరావు సోమశేఖర్‌ను పాదం పైకెత్తమని, వేళ్లు విడదీసి చూశాడు. చిటికెనవేలి సందున చర్మం తెల్లగా నాని పొరలు లేచి ఉంది.

"ఇది ఎన్నాళ్ల నుంచండీ?"

"అది రోగం గాదు సాబ్. నాకు ఎప్పటి సందో ఉన్నదే."

"ఇదీ అదేనండీ. చెడ్డీ తొడుక్కునేటప్పుడు ఈ కాలే కదా ముందు దూర్చేది? ఆ చెడ్డీ ఈ వేళ్లను రాసుకుంటూ గజ్జలదాకా పోతుంది."

ఒక సంసారాన్ని కూల్చబోయిన మహావ్యాధి మురాదాబాదును ఎన్నడూ చూడలేదు. చిటికెనవేలినుంచి గజ్జలదాకా, నాడా చెడ్డీ వాహనంగా, ఇంట్లోనే ప్రయాణించింది. వాసవాంబ పైటచెంగుతో ముఖం తుడుచుకుని, రేపటి సంది పొడిబట్టనే కట్టుకోండని తెరతో చెప్పింది. సోమశేఖర్ సరేనన్నాడు.

వేళ్ల సందులకు కూడా మందు రాసి, రోగం మళ్లీ పైకెక్కకుండా, చెడ్డీ తొడుక్కునే ముందు మేజోళ్లు తొడుక్కోమన్నాడు వైద్యుడు.

పంచె కింద చెప్పులే తప్ప ఎరుగని సోమశేఖర్‌కు మేజోళ్లు లేవు.