సన్‌రూఫ్ వడియాలు

నరసరావుపేటలో రాయల్ పామ్స్ వీధికి వచ్చేసరికి కాకులు కూడా గొంతు తగ్గించి అరుస్తాయి. అక్కడ కుక్కలకు ఇంటిపేర్లుంటాయి. డాబా మీద ఏదీ ఆరేయకూడదన్నది ఆ వీధి మొదటి రూలు. ఒక్క చీర కొస గాలికి ఊగినా వీధి మొత్తం స్థలాల రేట్లు పడిపోతాయని అక్కడివాళ్ల గట్టి నమ్మకం.

పిడుగురాళ్ల సున్నం బట్టీల దుమ్ములోంచి వచ్చి ఆ వీధిలో మేడ కొన్న నాగరత్నమ్మకు ఒకటే కోరిక. లేడీస్ క్లబ్బులో చేరాలి. అందుకోసం గ్రీన్ టీ తాగడం మొదలుపెట్టింది. "జొరమొచ్చిందా, కషాయం తాగుతున్నావ్?" అని మొగుడు కోటిలింగం అడిగినా మానలేదు. ఎట్టకేలకు క్లబ్బు ప్రెసిడెంటు షెర్లీ మేడం, శుక్రవారం ఇల్లు చూసి చేర్చుకునేదీ లేనిదీ చెబుతానంది.

సరిగ్గా ఆ ముందురోజే మార్కెట్లో బూడిద గుమ్మడికాయ నిగనిగలాడుతూ కనపడింది. నాగరత్నమ్మ చెయ్యి ఆగలేదు. తరిగి, ఉప్పేసి మూటగట్టింది. మినప్పప్పు నానబోసింది. శుక్రవారం పొద్దున పిండి రుబ్బి ముక్కలు కలిపేశాక గానీ డాబా రూలు గుర్తురాలేదు. కలిపిన పిండి ఊరుకోదు, పులుస్తుంది.

"పారబొయ్యవే," అన్నాడు కోటిలింగం.

"పిండిని పారబోస్తారంటయ్యా ఎవరన్నా? కారు తీసి ఎండలో పెట్టు. అద్దాలెక్కిచ్చు."

"కారెందుకే?"

"లోపల కూర్చుంటే నెత్తి మాడిపోద్దని రోజూ ఏడుస్తావుగా. నీ నెత్తి మాడేకాడ వడియాలు ఎండవా?"

కాసేపట్లో ముప్ఫై లక్షల కారులో సీట్ల నిండా పాత నేతచీర, దానిమీద బారులు తీరిన వడియాలు. డ్రైవర్ సీట్లో కూడా వడియాలే.

షెర్లీ మేడం వచ్చింది. షాండ్లియర్ చూసింది, తల ఊపింది. వంటింట్లో వంట చేసిన ఆనవాళ్లు లేకపోవడం ఆమెకు బాగా నచ్చింది.

"గుడ్. మిగతావాళ్లంతా హోటల్లో వెయిటింగ్. మా డ్రైవర్ రాలేదు, మీ కార్లో పోదాం పదండి నాగరత్నం గారూ."

"కారుకు ఒంట్లో బాగాలేదండీ!"

అప్పటికే మేడం బయటికెళ్లి కారు డోరు తీసింది. ఇంగువ వాసన వడగాలిలా వచ్చి ఆమె మొహాన కొట్టింది. నాగరత్నమ్మ మనసు ఆ క్షణమే పిడుగురాళ్ల వెళ్లిపోయి, అక్కడ అద్దె ఇల్లు కూడా వెతుక్కుంది.

మేడం సగం ఎండిన వడియం ఒకటి తీసి నోట్లో వేసుకుంది. కళ్లు మూసుకుంది.

"ఏం మెథడ్ ఇది?"

"కా... కారు మెథడండీ."

"ఆర్గానిక్కా?"

"ఏసీ కూడా ఆపేశామండీ."

నాగరత్నమ్మ అక్కడికక్కడే మెంబరైంది.

పదిరోజుల్లో రాయల్ పామ్స్ వీధి కార్లన్నీ వడియాల పాలయ్యాయి. మొగుళ్లు ఆటోల్లో ఆఫీసులకు పోయారు. సన్‌రూఫ్ దేనికో ఆ వీధికి తొలిసారి అర్థమైంది. జర్మనీ కారు వడియం కరకరలాడే తీరే వేరని, కొరియా కారు వడియం కాస్త మెత్తబడుతుందని వాట్సాప్ గ్రూపులో తీర్పులొచ్చాయి.

తర్వాతి మీటింగులో షెర్లీ మేడం గొంతు తగ్గించింది. "ఏమీ అనుకోకండి నాగరత్నం గారూ. మీ కారుకు సన్‌రూఫ్ లేదంటగా? మీ వడియాల్లో మన స్ట్రీట్ స్టాండర్డ్ కనపడట్లేదని అందరూ అంటన్నారు."

ఇంటికొచ్చి నాగరత్నమ్మ మంచమెక్కింది. ఆటో దిగి చెమటలు కక్కుతూ వచ్చిన కోటిలింగం విషయం విని నెత్తి పట్టుకున్నాడు.

"ఒసే, నెత్తిన అంత డాబా పెట్టుకోని సన్‌రూఫ్ ఏందే? పైకి పోయి ఆరెయ్."

నాగరత్నమ్మ దిగ్గున లేచింది. "డాబా మీదా! ఛీ ఛీ, మనమేమన్నా పల్లెటూరోళ్లమా?"

ఆదివారం షోరూములో కుర్రాడు మైలేజీ, ఎయిర్‌బ్యాగుల గురించి ఊపిరాడకుండా చెబుతున్నాడు. నాగరత్నమ్మ వెనక సీటు మీద అరచెయ్యి పరిచి, జానలతో కొలిచింది.

"అయ్యన్నీ మా ఆయనకు చెప్పు బాబూ. ముందు ఇందులో ఎన్ని కిలోల పిండి పడుద్దో చెప్పు."