అమ్మ చేప ముట్టలేదు

సముద్రం మీంచి గాలి.

ఉప్పు గాలి. వెదురు తడకల మీద ఎండుతున్న చేపల వాసనను వెంటేసుకుని, ఎవరూ పిలవకుండానే ఇంట్లోకి వచ్చేస్తుంది.

ఆ వాసనలోనే పెరిగింది మరీవిక్.

మనీలాలో ఉద్యోగం వచ్చాక ఆ వాసనను వదిలించుకుంది. చక్కెర లేని కాఫీ అలవాటు చేసుకుంది. పిజ్జాను కూడా ఫోర్కుతో కోసుకుని తినడం నేర్చుకుంది. అన్నీ నేర్చుకుంది... వాటిని ఇష్టపడడం తప్ప.

ఈ రోజు, మనీలాలో తను ఇష్టపడ్డ ఎన్రికో ఊరికి వస్తున్నాడు. తల్లిని వెంటబెట్టుకుని, పిల్లనడగడానికి. అబ్బాయి తరఫువాళ్లు అమ్మాయి ఇంటికి రావాలి, ఆ ఇంట్లో తినాలి, నోరు తెరిచి అడగాలి. అడిగితేనే పెళ్లి.

అందుకే అమ్మకు పాఠాలు.

"కుర్చీ మీద కాలు పెట్టకమ్మా. చేత్తో తినకు. చెంచా కుడిచేత్తో, ఫోర్కు ఎడమచేత్తో."

అమ్మ ఫోర్కును అటూ ఇటూ తిప్పి చూసింది. అమ్మ పేరు పాసింగ్. ఎండుచేపలమ్మే పాసింగ్ అంటే ఆ తీరంలో తెలియనివాళ్లు లేరు.

"ముల్లు ఎక్కడుందో వేలికి తెలుస్తుందే. దీనికేం తెలుస్తుంది, దీని మొహం."

అయినా నేర్చుకుంది. కూతురి కోసం.

వాళ్లు వచ్చారు. బల్ల మీద పొగలు కక్కుతూ పాలబొంత పులుసు. అమ్మ చేతి పులుసు. ఒళ్లంతా ముళ్లున్న చేప.

అమ్మ నిటారుగా కూర్చుంది. కాళ్లు నేల మీదే. నవ్వితే పళ్లు కనిపించలేదు. వట్టి అన్నం చెంచాతో కొంచెం... మళ్లీ కొంచెం...

చేప ముట్టలేదు.

చేపలమ్మి కూతుర్ని చదివించిన మనిషి, తన ఇంట్లో, తను వండిన చేపను ముట్టలేదు.

ఎన్రికో తల్లి కొన్సుయెలో మెచ్చుకోలుగా చూసింది. "ఎంత పొందిగ్గా తింటారండీ మీరు. నిజం చెప్పొద్దూ, నేను వేరేగా అనుకున్నాను."

అమ్మ తల వంచుకుంది.

గాలి వచ్చింది. పోయింది. మరీవిక్‌కు సిగ్గేసింది... అమ్మను చూసి కాదు, తనను చూసుకుని.

ఫోర్కు పక్కన పెట్టింది. చెయ్యి కడుక్కుంది. ఒక కాలు కుర్చీ మీదికి మడిచి, మోకాలి మీద మోచెయ్యి ఆనించింది. పులుసులోంచి చేపముక్క తీసి, వేళ్లతో ముళ్లు ఏరి, అమ్మ పళ్లెంలో పెట్టింది. తర్వాత తనూ కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుంది.

ఎన్నాళ్లయిందో ఆ రుచి తెలిసి.

"కాలు దించవే, చూస్తున్నారు," అమ్మ గొణిగింది.

"చూడనీ అమ్మా."

కొన్సుయెలో కొడుకు వైపు తిరిగింది. "ఈ అమ్మాయి ఇలా తింటుందని నీకు తెలుసా?"

ఎన్రికో తడుముకున్నాడు. "తెలీదమ్మా."

నిజమే. అతనికి ఎలా తెలుస్తుంది? తనెప్పుడూ తెలియనివ్వలేదు.

మరీవిక్ అతని కళ్లలోకి చూసింది.

"ఇప్పుడు తెలిసిందిగా. అడగడానికేగా వచ్చావు... అడుగు."

ఎన్రికో చెయ్యి పళ్లెం దగ్గరే ఆగిపోయింది.

అమ్మ మాత్రం చెంచా పక్కన పెట్టేసింది. పొద్దుటి నుంచి ఏమీ తినలేదేమో — చేత్తో, ఆకలి మీద, తినడం మొదలుపెట్టింది.