తామరైపాక్కం గాలి

ఎర్ర రంగు డబ్బా మూత తీసే ముందు కాంచన చేసే మొదటి పని గాలిని ఇంట్లోంచి బయటికి పంపడం. వాకిలి ఊడ్చి, ముగ్గేసి, మొగుడు సుదర్శనాన్ని తిరువళ్లూరు రైలుకు సాగనంపి, మామకు కాఫీ ఇచ్చినాక పెరట్లో దండెం మీద తడిగుడ్డ ఒకటి వేసి, "పో, పోయి దాన్ని ఆరబెట్టు" అనేది. గాలి మంచం కిందినుంచి లేచి, క్యాలెండరు కాగితాలు ఒకసారి తిరగేసి, బయటికి నడిచేది. కాంచన గబగబా తలుపు గడియ పెట్టి త్రాసు ముందు కూర్చునేది. చెంచాతో రంగుపొడి ఇట్లా తీసిందో లేదో, గాలి కిటికీ సందులోంచి దూరివచ్చి ఆమె భుజం మీదుగా తొంగి చూసేది.

"నీ దుంపతెగ! గుడ్డ అప్పుడే ఆరిపోయిందా?"

ఆరిపోయి ఉండేది. దాని పనిలో వంక పెట్టడానికి లేదు.

ఆ గాలి కాంచనతో పాటే వచ్చింది. తామరైపాక్కం దగ్గర కొసస్తలై ఏటి ఆనకట్ట మీద తిరిగే గాలి. కాపురానికి వచ్చిన రోజు సామాను టెంపోలో ఇత్తడి బిందెలకూ పరుపుచుట్టకూ మధ్య ఇరుక్కుని తిరుత్తణి దాకా వచ్చేసింది. సామాను దించుకుంటూ మామ జయరామ దాన్ని చూసి, "ఇదీ మీదేనా?" అని అడిగాడు. అవునంటే, "సరి, మంచం కింద స్థలముంది" అన్నాడు. అప్పటినుంచీ అక్కడే. వీధిలో అందరికీ దానితో పనే. కరెంటు పోతే ఆడవాళ్లు పిల్లల్ని ఎత్తుకుని వచ్చి కాంచన ఇంట్లో కూర్చునేవాళ్లు. పక్కింటి మంజు అయితే చాట పట్టుకుని గోడ మీదినుంచి, "అక్కా, కందులు చెరుక్కోవాల, కొంచెంసేపు గాలిని పంపిస్తావా?" అని అడిగి మరీ తీసుకుపోయేది.

"తీసకపో తల్లీ. సాయంత్రం దాకా పెట్టుకో" అనేది కాంచన. పట్టుమని పది నిమిషాలు కూడా నిలిచేది కాదు అది. మళ్లీ ఈమె భుజం మీదికే.

ఇంకెవరింట్లోనైనా అది వరమే అయ్యేది. ఈ ఇంట్లో మాత్రం వెనకున్నది రంగుల షెడ్డు. పట్టు నూలుకు రంగులద్దడం జయరామ పని, ఆయన చేతినుంచి కాంచన నేర్చుకుంది. పట్టుకు వేసే ఆసిడ్ రంగులు పొడిగా వస్తాయి. ఎర్రది మరీ తేలిక, దగ్గర నిలబడి గట్టిగా మాట్లాడినా లేస్తుంది. ఒక్కో తొట్టికి కావలసింది చిటికెడు. ఆ చిటికెడు ఒకరోజు ఎక్కువా ఒకరోజు తక్కువా పడితే ఒకే చీర నూలు రెండు రంగులుగా వస్తుంది. అందుకని కాంచన ఒకేసారి పది గ్రాములు తూచి, కాసిని నీళ్లతో గంధంలా నూరి, వేడినీళ్లు పోసి కరిగించి, చల్లారినాక లీటరుకు సరిపెట్టి, సన్నగుడ్డలో వడకట్టి డబ్బాల్లో పోసుకునేది. ఇక తొట్టికి ఎన్ని మిల్లీలీటర్లో కొలిచి పోయడమే. నిన్నటి రంగే ఇవాళా వస్తుంది.

ఇది జయరామకు గిట్టేది కాదు. ఆయన ఆమెకు మామే కాదు, తల్లికి స్వయానా అన్న. అందువల్ల ఆయన నోటికీ అడ్డు లేదు, ఆమె నోటికీ అడ్డు లేదు.

"రంగును రసం కాచినట్టు కాచి డబ్బాల్లో పోసేది యాడన్నా ఉండాదా? మూడు వేళ్లతో తీసి చల్లితే అయిపాయ."

"నువ్వు చల్లినందుకే గదా ఆ రెడ్డిగారి చీరలు రెండు రకాలుగా వచ్చినాయి. చల్లేది చల్లు, ఆ మాస్కన్నా కట్టుకో మామా. ఛాతీలో ఈల కొడతా ఉండాది, నాకు ఈడికి వినిపిస్తా ఉండాది."

"మూతికి చిక్కం కట్టుకునేదానికి నేనేమన్నా ఎద్దునా?"

ఒక పక్క గాలి, ఒక పక్క మామ. చెప్పిన మాట వినకపోవడంలో ఇద్దరూ ఒకరికొకరు తీసిపోరు. మధ్యాహ్నానికల్లా కాంచనకు తల దిమ్మెక్కిపోయేది.

ఆవణి మాసం పెళ్లి ముహూర్తాలకు ముందు షణ్ముగం పట్టు నూలు తెచ్చి ఇచ్చాడు. అతనికి పల్లెలో నాలుగు మగ్గాలున్నాయి, పెళ్లి చీరలు నేయిస్తాడు. అన్నీ ఒకే రాణీ రంగు కావాలన్నాడు. కాంచన సగం నూలు చిలపలు, ఆ పట్టు కట్టలు, ఉతికి షెడ్డులో వాసానికి వరసగా ఆరేసింది. మరునాడు పక్కగదిలో ఎర్ర పొడి తూస్తుంటే గాలి తలుపు కిందినుంచి వచ్చి త్రాసు పళ్లెం చుట్టూ ఒకసారి తిరిగి పోయింది. "ఛీ, పో!" అని కసిరి ఆమె తన పని తాను చేసుకుంది. వాసం దగ్గరికి వెళ్లి చూసింది కూడా. చిలపలు తెల్లగా, మల్లెదండల్లా ఉన్నాయి.

రంగు పొడితో వచ్చే తంటా అదే. పొడిగా ఉన్నంతసేపూ కంటికి కనబడదు. తొట్టిలో వేసేముందు చిలపల్ని నీళ్లలో ముంచగానే ఒక్కొక్క రేణువూ విచ్చుకుంది. నూలంతా ఎర్రటి మచ్చలు.

షణ్ముగం వచ్చి చూసి తల పట్టుకున్నాడు. "ఎన్నక్కా ఇదు? పట్టుకు అమ్మవారు పోసినట్టుందే!"

"దీన్ని ముదురు రంగులో ముంచి ఇచ్చేస్తా షణ్ముగం. మిగతా సగానికి ఏమీ కాకుండా చూసుకుంటా."

"పోయినసారీ ఇదే చెప్పినావు. పెళ్లికూతురు ఇంటోళ్లకు నేనేం జవాబు చెప్పేది? ఆ మిగతా సగమన్నా సరిగా రాలేదంటే నేను ఇంక కాంచీపురంలో అద్దించుకుంటానక్కా. తప్పుగా అనుకోవద్దు." అతను మర్యాదస్తుడు. గొంతు పెంచకుండా చెప్పి వెళ్లిపోయాడు. ఆ మర్యాదే కాంచనకు ఎక్కువ గుచ్చుకుంది. షణ్ముగం పోతే ఆ పల్లె మగ్గాలన్నీ అతని వెంటే పోతాయి. షెడ్డు మూసుకోవలసిందే.

మంచం మీదినుంచి జయరామ, "కాచు రసం, ఇంకా కాచు" అన్నాడు.

కాంచన వంగి మంచం కిందికి చూసి, "లెయ్" అంది గాలితో. "నీకు మూటా ముల్లే ఏమీ లేదు గదా. నడువు. నిన్ను మీ ఊర్లో దించేసి వస్తా."

బస్సులో కండక్టరు టికెట్టు కొడుతూ ఆమె పక్క సీటు వైపు చూశాడు.

"లగేజి ఉందా?"

"లేదు. గాలే."

"గాలికి టికెట్టు లేదు. వెనక్కి పోయి నిలబడమను. ముందుంటే నా చేతిలో టికెట్లు ఎగిరిపోతాయి."

గాలి వెనక్కి వెళ్లింది. పూలగంప పెట్టుకున్న ముసలామె ఒకతె జరిగి దానికి చోటిచ్చింది. తిరువళ్లూరు వచ్చేదాకా ఆమె పూలు వాడనే లేదు. దిగేటప్పుడు, "ఎందుకమ్మా దీన్ని పంపించేస్తా ఉండావు? నాకు ఇట్లాంటిది ఉంటే గడప దాటనిస్తానా?" అంది.

"నువ్వు రంగుల పని చెయ్యవు గదవ్వా" అంది కాంచన విసుగ్గా.

తిరువళ్లూరులో బస్సు మారి తామరైపాక్కం చేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. ఆనకట్ట మీదినుంచి నీళ్లు పలచగా జారుతున్నాయి. గాలి గట్టు మీద ఆగిపోయింది.

"పో. ఇదే నీ ఊరు. ఈడ నువ్వు ఏం ఎగరేసినా అడిగేవాళ్లు లేరు."

అది మెల్లగా నీళ్ల మీదికి దిగింది. అవతలి ఒడ్డు దాకా అలలు లేపుతూ వెళ్లి, అక్కడే నిలిచిపోయింది. పీడ విరగడైందని కాంచన అనుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని బస్‌స్టాపు వైపు నడవబోతుంటే ఫోను మోగింది. మంజు.

"అక్కా, యాడుండావు? మీ మామకు ఊపిరాడ్డంలే. నూట ఎనిమిదిలో తిరువళ్లూరు పెద్దాసుపత్రికి తీసకపోతా ఉండాము. సుదర్శనన్నకు చెప్పినా."

"ఏమైంది? ఇప్పుడేగా బాగుండె!"

"రంగు గదిలో పొడి తూచినాడక్కా. ఎర్రది, పచ్చది, నీలం, అన్ని డబ్బాలూ తెరిచినాడు. గాలి మళ్లా వస్తుందేమోనని తలుపూ కిటికీలూ అన్నీ మూసుకున్న్యాడు. గదంతా పొడి మంచు పట్టినట్టు నిలిచిపోయిండాది. నేను దగ్గు విని పోయేసరికి కింద పడిండాడు."

"ఆ మనిషికి ఎందుకు ఆ పని? చల్లేదుంటే చల్లుకోవాల గానీ!"

"నీ మాదిరే లీటరు డబ్బాల్లో కలపతా ఉన్న్యాడక్కా. మూడు డబ్బాలు కలిపి వడకట్టి పెట్టిండాడు. నువ్వు వచ్చేలోపల షణ్ముగమన్న నూలుకు సిద్ధం చెయ్యాలనుకున్న్యాడేమో."

ఎన్నేళ్లు ఆయన మాస్కు లేకుండా ఆ గదిలో కూర్చున్నాడు! ఆయన ముక్కు ముందునుంచి పొడిని కిటికీ బయటికి తోసింది ఎవరో ఆమెకు అప్పుడు తట్టింది. తనకు పని పాడైన రోజులే గుర్తున్నాయి. మామ బతికిన రోజుల్ని తను లెక్కలోకే తీసుకోలేదు.

ఆమె గట్టు దిగి నీళ్ల అంచుకు వెళ్లింది.

"రా" అంది.

గాలి అవతలి ఒడ్డున తుంగలో కూర్చుంది. కదల్లేదు.

"పొమ్మన్నా. నిజమే. ఇప్పుడు రమ్మంటా ఉండా. రావే!"

ఒక తుంగపోచ వంగి లేచింది. అంతే.

"అలిగేదానికి ఇదా సమయం? రోజూ పొమ్మంటే వస్తావు, ఈపొద్దు రమ్మంటే రావు! నీతో నేను ఏం చావాల?" కాంచనకు ఏడుపూ కోపమూ ఒక్కసారే వచ్చాయి. చెప్పులతోనే మోకాలి లోతు నీళ్లలోకి దిగింది. "మామ ఊపిరికి కొట్టుకులాడతా ఉండాడంట. నా మీద కోపముంటే నాతో మాట్లాడొద్దు. ఆయనేం చేసినాడు నిన్ను?"

నీళ్ల మీద సన్నటి గీత ఒకటి బయలుదేరింది. దగ్గరికొచ్చేకొద్దీ వెడల్పయింది. ఆమె తడిసిన కుచ్చిళ్లు తటాలున వెనక్కి ఎగిరాయి.

ఆసుపత్రిలో సుదర్శనం వార్డు తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టున్నాడు, మెడలో ఐడీ కార్డు అట్లాగే ఉంది. "ఆక్సిజన్ పెట్టినారు. అయినా లోపలికి తీసుకోలేకపోతా ఉండాడు" అన్నాడు.

నర్సు వచ్చి వీళ్లను చూసింది. "లోపలికి ఒక్కరే పోవాల. ఎవరు వస్తారు, మీరా, ఆ గాలా?"

కాంచనకు లోపలికి పరుగెత్తి మామ చెయ్యి పట్టుకోవాలని ఉంది. నాలుగు మాటలు తిట్టాలని కూడా ఉంది.

"దాన్ని పోనీండి" అంది. "నేను ఈడనే ఉంటా."

తలుపు అద్దంలోంచి చూస్తూ నిలబడింది. గాలి మంచాల మధ్య ఏ కాగితాన్నీ కదపకుండా, ఎన్నడూ లేనంత అణకువగా నడిచింది. జయరామ మంచం దగ్గర ఆగింది. ఆయన పెదవులు నీలం తిరిగి ఉన్నాయి. చేతివేళ్ల సందుల్లో ఎర్ర రంగు అట్లాగే ఉంది. మాస్కు అంచు కొంచెం పైకి లేచింది, మళ్లీ సర్దుకుంది. ఆయన ఛాతీ ఒక్కసారిగా పొంగింది. దిగింది. మళ్లీ పొంగింది. కాంచన చాలాసేపు చూసింది. గాలి బయటికి రాలేదు.

ఇంటికి వచ్చినాక కూడా అది ఆయన ఛాతీలోంచి బయటికి రాలేదు. జయరామ దగ్గు పూర్తిగా పోయింది. ఛాతీలో ఈలా పోయింది. "గొంతులో ఏటి పాచి వాసన వస్తా ఉండాది" అని మాత్రం రెండు రోజులు గొణిగి, తరువాత అలవాటు పడ్డాడు. చిక్కల్లా ఆయన ఊపిరితోనే. మాట్లాడితే పేపరు ఎగిరిపోయేది, తుమ్మితే మంజువాళ్ల ఇంట్లో దీపం ఆరిపోయేది. రంగు గది గడప మీద ఆయన నిలబడితే చాలు, త్రాసు పళ్లెం ఊగేది.

"నువ్వు ఇంక ఈ గదిలోకి అడుగు పెట్టకూడదు మామా."

"నా షెడ్డులోకి నన్ను రావద్దంటావా?"

"రావద్దంటా ఉండా. పెరట్లో కూర్చో. అరవాలంటే చిలపల వైపు తిరిగి అరువు, అవన్నా ఆరతాయి."

ఆయన అలిగి అన్నం మానేశాడు, ఒక పూట. తరువాత పెరట్లో కుర్చీ వేసుకుని, లోపల ఆమె ఏం చేస్తోందో ప్రతిదానికీ కేకవేసి అడగడం మొదలుపెట్టాడు. "నీళ్లు కాగినాయా? ముందే పోసేస్తావేమో, ఉండలు కడతాయి! వడకట్టినావా?" లోపలినుంచి ఆమె పళ్లు కొరుకుతూ జవాబులిచ్చేది.

గదిలో ఇప్పుడు వెంట్రుక కూడా కదలదు. కాంచన మాస్కు కట్టుకుని, త్రాసు కింద తడిగుడ్డ పరిచి, షణ్ముగం మిగతా నూలుకు ఎర్ర పొడి తూచింది. పళ్లెం మీద పొడి ఎక్కడ పోస్తే అక్కడే కుదురుగా కూర్చుంది. ఎన్నో ఏళ్లుగా ఆమె కోరుకున్న నిలకడ అదే. అయినా ఆమెకు భుజం మీద బోసిగా అనిపించి రెండుసార్లు వెనక్కి తిరిగి చూసింది.

పొడి నూరి, కరిగించి, వడకట్టి, లీటరుకు సరిపెట్టి, మూత బిగించి డబ్బాను పెరట్లోకి తీసుకుపోయింది. నీళ్లలో కరిగిన రంగును ఏ ఊపిరీ ఏమీ చెయ్యలేదు.

"చూడు. పొద్దున్నించీ ప్రాణం తీస్తా ఉండావు గదా."

జయరామ మూత తీసి, తెల్ల పట్టుపోగు ఒకటి అందులో ముంచి, పైకెత్తి ఎండకు పెట్టి చూశాడు. పోగు ఎగిరిపోకుండా ఊపిరి బిగబట్టాడు. అటు తిప్పాడు, ఇటు తిప్పాడు. కళ్లు చికిలించాడు. ఆయన మొహం ఎర్రబడుతోంది.

"ఏందో ఒకటి చెప్పు మామా!" కాంచన అరిచింది. "ముందు ఆ ఊపిరి వదులు!"

ఆయన పోగును జాగ్రత్తగా ఆమె చేతికిచ్చి, మొహం పక్కకు తిప్పుకుని, ఊపిరి వదిలాడు. దండెం మీద చిలపలన్నీ ఒక్కసారి లేచి పడ్డాయి.

"ఇదే రాణీ రంగు" అన్నాడు. "ఇంకో రెండు లీటర్లు కలుపు, పో."